లిష్కోవ్‌లో మొదటి సంతకం

మూడుసార్లు గంట నొక్కాను. మూడుసార్లూ కర్టెన్ కదిలింది. ఇంట్లో మనిషి లేకపోతే కర్టెన్ ఎందుకు కదులుతుంది, చెప్పు? పిల్లి ఉందా నీకు? లేదు కదా. మరి?

సరేలే, తీశావు. అదే చాలు. కూర్చోమనకపోయినా కూర్చుంటాను, నా మోకాళ్ళకి మర్యాదలు తెలియవు. ఇదిగో, గసగసాల కేకు. పొద్దున చేశాను. నువ్వు తినకపోతే పెరట్లో పిట్టలకి వెయ్యి, నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ పైకి చెప్పను.

అలా చూడకు కీటో. రెండు వీధుల దూరం నడవడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిందని నాకూ తెలుసు.

నీతో చెప్పాల్సింది ఒకటుంది. అది తిన్నగా చెప్పడం నాకు చేతకాదు, నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగుదువు. బళ్ళో సున్నా వచ్చిందని అమ్మకి చెప్పడానికి ముందు ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఇప్పుడూ అంతే. ముందు ఆ పిల్ల గురించి చెప్పాలి. మా మేడ మీద గదిలో ఉంటుంది చూడు, డహీబా.

ఆఁ, ఆ పిల్లే. ఉంగరాల జుట్టు, నీలం కోటు. సైకిల్ నేర్చుకుంటూ నీ కంచెకి గుద్దింది. కంచెకి ఏం కాలేదు కదా? పిల్లకే మోచెయ్యి గీరుకుపోయింది. నేనే మందు రాశాను. ముసలాయన కిటికీలోంచి చూసి నవ్వాడు ఓమా అంది. నానమ్మని పిలిచినట్టు నన్ను ఓమా అనే అంటుంది. నువ్వు నవ్వావంటే నేను నమ్మలేదు.

వాళ్ళది ఈజిప్టు. దక్షిణాన, నైలు నది పైభాగంలో, నూబియా వాళ్ళు. ఇంట్లో మాట్లాడేది అరబ్బీ కాదట, వాళ్ళ మాట వాళ్ళకి వేరే ఉంది. బయట జర్మన్, ఇంట్లో మన సోర్బు మాట అన్నట్టు. అందుకేనేమో, మన మాట నా మనవలకన్నా ముందు పట్టేసింది. ఒకరోజు పొద్దున్నే మెట్లు దిగుతూ శుద్ధమైన సోర్బులో, "ఓమా, కుంపట్లో బొగ్గు అయిపోయినట్టుంది" అంది. నా గదిలో కుంపటి లేదు, గోడకి రేడియేటర్ ఉంది. పాత పాఠ్యపుస్తకంలోంచి నేర్చుకుంది మరి, పాపం.

ఇక్కడికి చదువుకోడానికి వచ్చింది. ఏం చదువనుకున్నావు? వారసత్వం, జ్ఞాపకం. నిజంగా అదే పేరు. ఎం.ఏ. ఇస్తారట. మొదటిరోజు చెప్తే నేను, "జ్ఞాపకానికి పట్టా ఇస్తారా? అయితే మా వీధిలో అందరికీ ఇవ్వాలి, మాకు వేరే పనే లేదు" అన్నాను. పిల్ల నవ్వలేదు. చిన్న పుస్తకం తీసి రాసుకుంది. అప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

"మీ దేశంలో పాత రాళ్ళు కావలసినన్ని ఉన్నాయి కదమ్మా, ఈ చలిలో ఇక్కడికెందుకు" అని అడిగాను. ఏమందో తెలుసా? "రాళ్ళ గురించి చాలామంది చదివారు ఓమా. మా దగ్గర పెద్ద డ్యామ్ కట్టినప్పుడు గుళ్ళ రాళ్ళకి ఒక్కోదానికి నంబరు వేసి, కోసి, దూది మీద పెట్టినట్టు పైకి చేర్చారు. మా అమ్మమ్మని మేకతో సహా పడవ ఎక్కించి పంపించేశారు. ఆవిడకి నంబరు కూడా వెయ్యలేదు. నాకు ఆ పడవ ఎక్కినవాళ్ళ గురించి చదవాలని ఉంది."

మనలాంటి వాళ్ళేనన్నమాట. వాళ్ళని నీళ్ళు తరిమితే మనల్ని ఊరి కింది బొగ్గు తరిమి, ఈ కొత్త లిష్కోవ్‌లో పడేసింది.

పద్నాలుగు నెలలైంది వచ్చి. పొద్దున్నే బీన్స్ ఉడకబెట్టి వెల్లుల్లి వేసుకుని తింటుంది. మొదట్లో కిటికీలన్నీ తెరిచేదాన్ని. ఇప్పుడు నాకూ ఒక గిన్నె పెడుతుంది, నోరు మూసుకుని తింటున్నాను. టీలో చక్కెర ఎంత వేస్తుందంటే చెంచా నిలబడుతుంది. ఫిబ్రవరిలో జపుస్ట్ పండక్కి మన బట్టలు కట్టించాను. పెద్ద టోపీ, లంగాలు, నలభై గుండుసూదులు, మూడు గంటలు. చివరికి అద్దంలో చూసుకుని, "ఓమా, ఇందులో కూర్చోడం ఎలా?" అంది. కూర్చోరమ్మా, మన ఆడవాళ్ళు కూర్చున్నదెప్పుడు అన్నాను. అది కూడా రాసుకుంది.

వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా.

ఒకరోజు బల్ల మీద పెద్ద కాగితం పరిచి, "ఓమా, పాత లిష్కోవ్ బొమ్మ గియ్యండి" అంది. గీశాను. చర్చి, అగ్నిమాపక దళం షెడ్డు, అరవై ఒక్క ఇళ్ళు. ఏ ఇంటికి ఏ నంబరో, ఎవరి పెరట్లో ఏ చెట్టో. నీ ఇంటి వెనక పియర్ చెట్టు కూడా పెట్టాను. కాయలు రాయిలా ఉండేవి, అయినా పెట్టాను. గీస్తుంటే చెయ్యి ఆగలేదు. ఇప్పుడు అక్కడంతా బొగ్గు తవ్విన పెద్ద గొయ్యి, నీళ్ళు నింపుతున్నారు, పడవలు తిప్పుతారట. పిల్ల ఆ కాగితాన్ని గోడకి అతికించుకుంది.

తర్వాత రికార్డర్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళింది. ముప్పై ఒక్క ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ కేకు. ఆ కథలు విని విని పిల్ల రెండు కిలోలు పెరిగింది. ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, "ఓమా, ఏదో తేడాగా ఉంది" అంది. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను. "ఏంటి?" అన్నాను.

"అందరూ ఒకే కథ చెప్తున్నారు. ఇళ్ళు ఇచ్చేస్తూ ఎవరూ సంతకం పెట్టకూడదని చర్చిలో మాట ఇచ్చుకున్నాం, రెండేళ్ళు బొగ్గు కంపెనీకి లొంగలేదు, తర్వాత కీటో దొంగచాటుగా మొదటి సంతకం పెట్టాడు, అంతే, ఒక్కొక్కరూ జారిపోయారు. ముప్పై ఒకటిలో ఇరవై తొమ్మిది ఇళ్ళలో ఇదే. అందులో పదిహేడుమంది, 'తలుపు లోపలినుంచి తెరిచాడు' అన్నారు. అవే మాటలు. ఎవరో నేర్పినట్టు. మీరు చూశారా ఓమా, ఆయన సంతకం పెట్టడం?"

నేనేం అన్నానంటావా? చెక్కు తీస్తూనే ఉన్నాను. ఆ రోజు ఇద్దరికి ఎనిమిదిమందికి సరిపడా దుంపలు ఉడికాయి.

నీ దగ్గరికి కూడా వచ్చింది కదా. ఊరేసిన కీరదోసకాయల సీసా చేతిలో పెట్టి, "వాళ్ళు చెప్పిందే రాసుకో పాపా" అని పంపించేశావట. పిల్ల ఇంటికొచ్చి, "ఆయన కాదనలేదు, ఔననలేదు. దోసకాయలు మాత్రం బాగున్నాయి" అంది. సీసా రెండు రోజుల్లో ఖాళీ చేసింది. నేనూ తిన్నాను. మెంతాకు కాదు నువ్వు వేసేది, సోయాకూర. మీ అమ్మ చేసినట్టే ఉంది రుచి.

నీకు ఏం జరిగిందో నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నా నోటితో అనాలి, అందుకే అంటున్నాను, విను.

నువ్వు కంపెనీ ఆఫీసులోంచి వస్తుంటే ఎవరో చూశారన్నారు. సభ పెట్టి నిలదీశారు. రేపు ఊరు పోవాల్సి వస్తే సమాధులు కూడా తవ్వి తీసుకెళ్తారా, మా అమ్మని అక్కడే వదిలేస్తారా, అది అడగడానికి వెళ్ళానన్నావు. ఎవరూ నమ్మలేదు. పక్కవాళ్ళు నీతో మాట్లాడటం మానేశారు. పాటల బృందంలో నీ కుర్చీ తీసేశారు. మీ అమ్మాయి హాంకా పెళ్ళికి లిష్కోవ్ నుంచి ఒక్కళ్ళూ రాలేదు. మా ఆయన మెర్తిన్, నీతో కలిసి ముప్పై ఏళ్ళు మంటలు ఆర్పినవాడు, దళపతి కదా, నీ ఇంటికొచ్చి యూనిఫాం అడిగాడు. ఇంటికొచ్చాక నాతో ఏమన్నాడో తెలుసా? "ఇస్త్రీ చేసి ఇచ్చాడు రోజ్‌విటా. మడత కూడా తప్పలేదు." ఆ పూట అన్నం ముట్టలేదు. అయినా నీతో మాట్లాడలేదు. పోయేదాకా మాట్లాడలేదు. అతన్ని పాతిపెట్టిన రోజు నువ్వు శ్మశానం కంచె బయట నిలబడ్డావు, టోపీ చేత్తో పట్టుకుని, వానలో. తొమ్మిదేళ్ళైంది. నేను చూశాను. పిలవలేదు.

ఉండు, ఇంకా అవలేదు.

కంపెనీ వాళ్ళు పాత ఫైళ్ళన్నీ ఇప్పుడు ఆర్కైవ్‌కి ఇచ్చేశారు. పాత కాగితాలు దాచే ఆఫీసు, కోట్‌బుస్‌లో. పిల్ల అక్కడికి పదకొండు రోజులు తిరిగింది, ఫ్లాస్కులో టీ పట్టుకుని. పదకొండో రోజు మొదటి ఒప్పందం దొరికింది. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది, ఫిబ్రవరి పదిహేడు. పేర్లు బయటపడకూడదని సంతకాల మీద నల్లపట్టీ వేస్తారట. కానీ ఆ పట్టీ వేసినవాడు ఎవడో తొందరలో ఉన్నాడు. పట్టీ కిందనుంచి ఒక అక్షరం తోక బయటికి వచ్చింది. ఆర్ అక్షరం. పొడుగ్గా, కిందకి దిగి, చివర కొక్కెంలా తిరిగి.

పిల్ల ఇంటికొచ్చి వారం రోజులు ఏమీ అనలేదు. బీన్స్ మానేసింది. బల్ల దగ్గర కూర్చుని జామ్ సీసా వైపు చూసేది. నా జామ్ సీసాలన్నిటికీ చీటీలు నేనే రాస్తాను కదా. పేరు, ఏడాది.

ఎనిమిదో రోజు, "ఓమా, మీ ఆర్ తోక చాలా పొడుగు" అంది.

అవును.

అవును కీటో. అదే. మొదటి సంతకం నాది.

లేవకు, నీ నడుము బాగోదు. సరే, లే. కిటికీ దగ్గర నిలబడు. అక్కడికీ వినిపిస్తుంది.

ఎందుకంటే ఏం చెప్పను? మా అత్తగారు నాలుగేళ్ళు మంచం మీద. నీకు తెలుసు. పక్క బట్టలు రోజుకి మూడుసార్లు. నీళ్ళు పెరట్లో పంపు కొట్టి మోయాలి, జనవరిలో పంపు గడ్డకడితే మంచు కరిగించాలి. మరుగుదొడ్డి పెరటి చివర. పొయ్యిలో బొగ్గు వెయ్యి, బూడిద తియ్యి, బొగ్గు వెయ్యి, బూడిద తియ్యి. మా మెర్తిన్ ట్రాక్టర్ మీద నిలబడి మైకులో "మా ఇల్లు, మా మట్టి" అని అరిచేవాడు. బాగా అరిచేవాడు, నాకే గుండె ఉప్పొంగేది. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా లోపలికి నడిచేవాడు. ఆ మట్టి ఊడ్చేది నేను.

కంపెనీ నుంచి ఒకాయన వచ్చేవాడు, మెర్తిన్ లేనప్పుడు. మర్యాదస్తుడు. గులాబీ రంగు టై. బల్ల మీద కొత్త ఇంటి బొమ్మ పరిచాడు. అందులో నేను చూసింది స్నానాల గది ఒక్కటే. గోడలోంచి వేడినీళ్ళు. ముసలావిడని కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్ళేంత తలుపు. ముందు సంతకం పెట్టినవాళ్ళు కొత్త ఊళ్ళో స్థలం ఏరుకోవచ్చన్నాడు. ఇల్లు మా నాన్నది, నా పేరునే ఉంది, మెర్తిన్ సంతకం అక్కర్లేదు. పేరు బయటికి రాదన్నాడు. రాలేదు. మాట మీద నిలబడ్డాడు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

పది నెలల తర్వాత అందరితోపాటు వరసలో నిలబడి మళ్ళీ ఇంకో సంతకం పెట్టాను, మెర్తిన్ పక్కన. అప్పుడు అతను ఏడ్చాడు. నేను వీపు నిమిరాను.

మా అత్తగారా? ఆ స్నానాల గది చూడకుండానే పోయింది.

ఆ పిల్ల "తోక పొడుగు" అనగానే నేనేం చేశానో విను. గది ఖాళీ చెయ్యమన్నాను. పరాయి దేశం నుంచి వచ్చి నా తిండి తిని, నా చెత్తబుట్ట వెతుకుతావా అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇప్పుడు ఎందుకు. పిల్ల మేడెక్కి పెట్టె సర్దుకుంది. గోడ మీది కాగితం కూడా చుట్ట చుట్టి పట్టుకుంది. శనివారం. శనివారం బస్సు రెండు గంటలకొకటి.

మా వంటింటి కిటికీలోంచి బస్టాప్ కనిపిస్తుంది. మంచూ వానా కలిసి పడుతున్నాయి. పెట్టె మీద కూర్చుంది. బస్సు వచ్చింది. ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది.

గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను. ఒక గంట తోమి ఉంటాను. ఆ తర్వాత గొడుగు తీసుకుని వెళ్ళాను.

"బస్సు ఎందుకెక్కలేదు?" అన్నాను.

"తాళంచెవి ఇవ్వడం మరిచిపోయాను ఓమా."

"వచ్చి ఇవ్వచ్చు కదా?"

"మీరు ఇంకా అరుస్తారేమోనని."

ఏం చెయ్యను, పక్కన కూర్చున్నాను. ఇద్దరం గొడుగు కింద. పిల్ల వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పింది. ఆ అమ్మమ్మ మునిగిపోయిన ఊరి గురించి చెప్పినన్నాళ్ళూ స్వర్గమే చెప్పేదట. ఖర్జూరాలు, నది గాలి, తెల్లటి గోడల మీద బొమ్మలు. డహీబా చిన్నప్పుడు ఆ కథలు వినే ఈ చదువులోకి వచ్చింది. ఇక్కడికి బయల్దేరే ముందు రికార్డర్ పెట్టి అడిగితే, అమ్మమ్మ అటూ ఇటూ చూసి, "అది ఆపు" అందట. ఆపాక చెప్పిందట. రోజూ పక్కలో తేళ్ళు. ఇద్దరు పిల్లలు తేలు కుట్టి పోయారు. నది దాకా వెళ్ళి బిందెలు మోసి మోసి మెడ వంగిపోయింది. కొత్త చోటికి తెచ్చి దింపిన రోజు అందరూ ఏడుస్తుంటే తనూ ఏడ్చింది, కానీ వీధి చివర కుళాయి చూసింది. "ఆ కుళాయి చూసి నాకు సంతోషం వేసింది. ఎవరికీ చెప్పకు" అందట.

నాకు నవ్వొచ్చింది కీటో. బస్టాప్‌లో, ఆ వానలో, పడీ పడీ నవ్వాను. పిల్ల కూడా నవ్వింది. నవ్వి ఏమందంటే, "కుళాయి కావాలనుకోవడం తప్పు కాదు ఓమా. మా అమ్మమ్మ మీద నాకేం కోపం లేదు. మీ మీదా లేదు. కానీ మా అమ్మమ్మ ఆ కుళాయి కోసం ఇంకొకరి మీద నింద వెయ్యలేదు."

నవ్వు ఆగిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాను. సూపు పెట్టాను. "థీసిస్‌లో రాస్తావా?" అని అడిగాను. "మీరు రాయమంటేనే రాస్తాను. ఆయన కాదని మాత్రం రాస్తాను. అది మీరు వద్దన్నా రాస్తాను" అంది. అలాగే రాసింది. మొదటి సంతకం కీటోది కాదు, ఎవరిదో నాకు తెలుసు, చెప్పే హక్కు నాది కాదు. మూడే ముక్కలు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, హాయిగా నిద్రపోయాను కూడా. నీ పేరు బాగుపడుతుంది, నా పేరు బయటపడదు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

పోయిన సోమవారం పరీక్ష జరిగింది. ఇంటికొచ్చి, "బాగా జరిగింది ఓమా" అంది. బాగా జరిగినదాని మొహం అలా ఉండదు. సరే, అలిసిపోయిందేమో అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం ఇంటి ఫోన్ మోగింది. వాళ్ళ ప్రొఫెసర్. పిల్ల సెల్ ఎత్తడం లేదట. నేను ఇంటావిడనని తెలిసి, నాకు అప్పజెప్పాడు సంగతంతా. "మీరైనా నచ్చజెప్పండమ్మా. చాలా మంచి థీసిస్. ఒక్కటే గొడవ. ఆ మూడు వాక్యాలకి ఆధారం చూపించడం లేదు. ఆధారం చూపలేనిది ఉండకూడదు. తీసెయ్యమనండి, పై మార్కు ఇచ్చేస్తాం. లేదా ఆ మనిషి అంగీకారం రాయించి తెమ్మనండి. శుక్రవారం దాకా ఆగుతాం" అన్నాడు. పై మార్కు వస్తేనే డాక్టరేట్ చదువుకి స్కాలర్‌షిప్ వస్తుందట. రాకపోతే వీసా సెప్టెంబరుతో సరి. ఇంటికే.

పిల్ల రాగానే పట్టుకున్నాను. "మూడు వాక్యాలే కదే, తీసెయ్యి. నీకేం పిచ్చా?" అన్నాను.

"తీసేస్తే ఏం మిగులుతుంది ఓమా? ఆ ఇరవై తొమ్మిది ఇళ్ళ మాట మిగులుతుంది. అది నా పుస్తకంలో, నా పేరుతో, లైబ్రరీలో ఉంటుంది. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో తీసి చదువుతారు, కీటో తలుపు తెరిచాడని రాసుకుంటారు."

"అయితే నా పేరు అడగొచ్చు కదా? సోమవారమే అడగొచ్చు కదా?"

"మిమ్మల్ని ఒకసారి అడిగాను. బస్టాప్‌లో కూర్చోబెట్టారు" అంది, మామూలుగా, బ్రెడ్ మీద వెన్న రాసుకుంటూ.

ఏం పిల్ల కీటో అది. ఇరవై ఆరేళ్ళు. ఎక్కడి నైలు, ఎక్కడి లిష్కోవ్. నువ్వు తనకేమవుతావు? ఒక దోసకాయల సీసా. నా కోసం నోరు మూసుకుంది, నీ కోసం చదువు వదులుకుంటానంది. మధ్యలో నేను రేడియేటర్ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

పొద్దున కాగితం తెమ్మన్నాను. సంతకం పెట్టాను. పట్టీ లేకుండా, పూర్తి పేరుతో. పిల్ల దాన్ని కవర్లో పెట్టి, నాకే తిరిగి ఇచ్చింది. "ముందు ఆయనకి మీ నోటితో తెలియాలి ఓమా. పుస్తకంలో చదివి తెలుసుకోకూడదు. మీరు చెప్పి వచ్చాక ఇవ్వండి" అంది. అందుకని వచ్చాను. ఇదిగో కవరు, సంచిలోనే ఉంది.

శుక్రవారం వెళ్తుంది. ఆదివారానికల్లా ఇల్జెకి తెలుస్తుంది, ఇల్జెకి తెలిస్తే లిష్కోవ్‌కి తెలిసినట్టే. పాటల బృందంలో నా కుర్చీ తీసేస్తారు. తియ్యనీ. నా గొంతు ఎలాగూ బొంగురుపోయింది. మెర్తిన్ సమాధి దగ్గరికి వెళ్ళడమే కొంచెం... సరే, అది నేనూ అతనూ చూసుకుంటాం.

ఇంక వెళ్తానని లేవాలి ఇప్పుడు. పిల్ల అదే అనుకుంటోంది, చెప్పేసి వచ్చేస్తానని.

కానీ పిల్లకి కూడా చెప్పనిది ఒకటుంది.

నువ్వు ఆఫీసులోంచి వస్తుంటే ఎవరో చూశారన్నారు కదా. ఆ ఎవరో ఎవరని ఎప్పుడైనా ఆలోచించావా? శుక్రవారాల్లో చర్చి ముందు బేకరీ బండి ఆగేది గుర్తుందా? సంతకం పెట్టిన వారం. వరసలో నా ముందు ఇల్జె. "ఎవరో పెట్టేశారట, ఎవరై ఉంటారే?" అంది. నన్ను అనుమానించి కాదు. ఊరికే, రొట్టె వచ్చేలోపు మాట్లాడుకోడానికి. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది. "మంగళవారం కీటో ఆ ఆఫీసులోంచి రావడం చూశాను" అన్నాను.

అబద్ధం కాదు. చూశాను. నువ్వు బయటికి వస్తున్నావు, నేను లోపలికి వెళ్తున్నాను. నా కోసం తలుపు పట్టుకున్నావు. టోపీ తీసి, మెట్లు జారుతున్నాయి రోజ్‌విటా, చూసుకో అన్నావు.

రొట్టె తీసుకుని ఇంటికి వెళ్ళాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. నేను ఇంకొక్క మాట కూడా అనక్కర్లేకపోయింది.

ఇంక ప్రతిరోజూ ఎదురుచూశాను. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు, రోజ్‌విటా కూడా అక్కడికి వచ్చింది, ఆమెని అడగండి అంటాడు అని. సభలో నిన్ను నిలబెట్టినప్పుడు నేను మూడో వరసలో ఉన్నాను. నా వైపు చూశావు. ఇప్పుడు అయిపోయింది అనుకున్నాను. నువ్వు చూపు తిప్పుకుని, మీ అమ్మ సమాధి గురించే చెప్పావు. నా పేరు ఎత్తలేదు. యూనిఫాం అడిగినప్పుడు ఎత్తలేదు. హాంకా పెళ్ళిలో ఖాళీ కుర్చీలు చూసి కూడా ఎత్తలేదు.

ఎందుకు చెప్పలేదు కీటో? ఒక్క మాట అంటే సరిపోయేది. అది అడగాలనే వచ్చాను, కేకు చేసింది అందుకే. ఎందుకు చెప్పలేదు?

ఏంటి? ఇటు తిరిగి చెప్పు, నా ఎడమ చెవి సరిగ్గా వినపడదు.

...ఆ రోజు నేనూ ఆఫీసుకి అందుకే వచ్చాననుకున్నావా. మా నాన్న సమాధి గురించి అడగడానికి.

ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నావా? నిన్ను నమ్మనివాళ్ళు నన్ను మాత్రం ఏం నమ్ముతారు, నన్ను కూడా ఇందులోకి లాగడమెందుకని ఊరుకున్నావా?

కాదు కీటో.

ఆ రోజు మా నాన్న సమాధి సంగతి నాకు గుర్తే రాలేదు.